వయసుకు మించి చదివే పిల్లాడికి ఏం ఇవ్వాలి?

ప్రశ్న: మేడమ్, మా బాబుకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. వాళ్ళ అక్క ఏడో తరగతి సైన్స్ పుస్తకం మొత్తం చదివేశాడు. క్లాసులో బోర్ కొడుతోందని బడికి వెళ్ళనంటాడు. వాళ్ళ టీచర్ ‘గిఫ్టెడ్ చైల్డ్’ అన్నారు. ఇంటికి ఎవరొచ్చినా మా అత్తగారు వాణ్ణి పిలిచి దేశాల రాజధానులు చెప్పిస్తారు. మావారేమో ఇప్పట్నుంచే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు కొందామంటున్నారు. నేను పేరు చూసి ఆలిస్ మిల్లర్ రాసిన ‘ది డ్రామా ఆఫ్ ది గిఫ్టెడ్ చైల్డ్’ తెప్పించుకున్నాను గానీ, మా వాడికి పనికొచ్చేది ఒక్కటీ కనబడలేదు. వాడికి ఏం కొనాలి, నేనేం చదవాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ పుస్తకం సంగతి చెప్తాను. పేరు చూసి అది కొనుక్కున్న తల్లులు నాకు చాలామంది తెలుసు. 1979లో జర్మన్ భాషలో వచ్చిన ఆ పుస్తకం చదువులో ముందుండే పిల్లల గురించి కాదు. అమ్మానాన్నలకి ఏం కావాలో ఇట్టే పసిగట్టి, వాళ్ళని మెప్పించడం కోసం తమ ఏడుపునీ కోపాన్నీ లోపలే అణిచేసుకునే పిల్లల గురించి. అయినా పక్కన పడేయకండి. ఈసారి చుట్టాలొచ్చి రాజధానులు అడిగినప్పుడు మీ వాడి ముఖం చూడండి. సరదాగా చెప్తున్నాడా, లేక చెప్పకపోతే నానమ్మ చిన్నబుచ్చుకుంటుందని చెప్తున్నాడా? రెండోదైతే ఆ పుస్తకం మీకు పనికొస్తుంది. అత్తగారితో గొడవ పెట్టుకోవద్దు. రాత్రిపూట వాడికి ఒక కథ చెప్పమని ఆవిణ్ణే అడగండి. వాడు చెప్పడం తగ్గి, వినడం మొదలవుతుంది.

మీరు వెతుకుతున్న పుస్తకం సైకాలజిస్ట్ ఎలెన్ విన్నర్ 1996లో రాసిన ‘గిఫ్టెడ్ చిల్డ్రన్: మిత్స్ అండ్ రియాలిటీస్’. ఇంగ్లీషే, కానీ కష్టపెట్టదు. ఇలాంటి పిల్లలు అన్నింట్లోనూ ముందుంటారన్నది అపోహ అని ఆవిడ గట్టిగా చెప్తారు. లెక్కల్లో దూసుకుపోయేవాడు భాషలో మామూలుగా ఉండొచ్చు. సైన్స్ ఏడో తరగతిది చదివినా, మనసు మాత్రం మూడో తరగతి పిల్లాడిదే. ఇది నేను స్కూల్ లైబ్రరీలో ఉన్నన్నాళ్ళూ చూశాను. శని గ్రహం ఉపగ్రహాల పేర్లు గడగడా అప్పజెప్పే ఒక బాబు కథల పుస్తకం ముట్టుకునేవాడు కాదు, ‘అది చిన్నపిల్లలది’ అనేవాడు. ఒకరోజు ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’ తెరిచి, బాపు గారి బొమ్మ ఉన్న పేజీ పైకి పెట్టి బల్ల మీద వదిలేశాను. కాసేపటికి చూస్తే బీరువా పక్కన నేల మీద చతికిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. మీ వాడికి ఆ నవ్వు కూడా కావాలి. వాడి వయసు కథలు మాన్పించకండి. వాడి స్థాయికి తక్కువని ఎవరన్నా సరే.

ఫౌండేషన్ పుస్తకాల విషయం మీవారికి ఇలా చెప్పండి. రామానుజన్‌కి పదహారేళ్ళప్పుడు దొరికిన జి.ఎస్. కార్ పుస్తకం నిజానికి కోచింగ్ పుస్తకమే. కేంబ్రిడ్జి పరీక్షలకి పిల్లల్ని తయారుచేసే ట్యూటర్ రాసింది. దాదాపు ఐదు వేల గణిత సూత్రాల, సిద్ధాంతాల జాబితా అది, చాలావాటికి రుజువుల్లేవు. అవి ఎలా వచ్చాయో ఆ కుర్రాడు తనే కూర్చుని తేల్చుకున్నాడు. ఆ పుస్తకం చేసిన మేలు అదే. మన ఫౌండేషన్ పుస్తకంలో నాలుగు ఆప్షన్లు, ఒక షార్ట్‌కట్, వెనక పేజీల్లో కీ. మీ వాడు నెలలో పూర్తిచేసి మళ్ళీ బోర్ అంటాడు. ఇంకోమాట కూడా చెప్పండి. లెక్కలు తప్ప మిగతావి పట్టించుకోనందుకు తమిళనాడులోని కుంభకోణం ఊరి కాలేజీలో రామానుజన్ స్కాలర్‌షిప్ పోయింది. ఒకే దాన్లో మునిగిపోయే పిల్లలకి రెండో రుచి ఇంట్లోవాళ్ళే చూపించాలి.

సైన్స్ ఆకలికి రష్యన్ సైన్స్ రచయిత యాకోవ్ పెరల్మాన్ పుస్తకం ఇవ్వండి. ఆయన భౌతికశాస్త్రం పుస్తకం (ఇంగ్లీషులో ‘ఫిజిక్స్ ఫర్ ఎంటర్‌టైన్‌మెంట్’) మొదటి భాగం రష్యాలో 1913లో వచ్చింది, తెలుగులోకీ వచ్చింది. పాత పుస్తకాల షాపుల్లో, జిల్లా గ్రంథాలయాల్లో వెతకండి. అందులో ఒక సంగతి నాకు భలే ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక ఫ్రెంచి పైలట్ ముఖం పక్కన పురుగేదో ఎగురుతోందనుకుని చేత్తో పట్టుకుంటే, అది తుపాకీ గుండు. ఎలా సాధ్యం? గుండు దూరం వెళ్ళేకొద్దీ గాలి దాన్ని నెమ్మదింపజేస్తుంది. దాని వేగం, విమానం వేగం ఒకటైతే పైలట్‌కి అది కదలనట్టే. రెండు రైళ్ళు ఒకే వేగంతో పక్కపక్కన వెళ్తుంటే అవతలి కిటికీలో మనిషి ఆగి ఉన్నట్టు కనిపించడం లేదూ, అదే. మీ వాడికి గుండు కథ వరకే చెప్పి ఆపేయండి. రైళ్ళ సంగతి వాడే చెప్పాలి. రెండు రోజులు పట్టినా పర్వాలేదు, కంగారుపడి చెప్పేయకండి.

బడికి వెళ్ళననే బాధకి మీరిద్దరూ కలిసి ‘రైలుబడి’ చదవండి. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసిన ‘తొత్తో-చాన్’కి తెలుగు అది. ఒక బడి గెంటేసిన ఆ పిల్ల చెప్పిందంతా, కొత్త బడి హెడ్మాస్టర్ మొదటిరోజే నాలుగు గంటలు కూర్చుని విన్నాడు. ఆ బడిలో పొద్దున్నే అన్ని సబ్జెక్టుల పనీ బోర్డు మీద రాసేవారు, ఎవరికి నచ్చినదాంతో వాళ్ళు మొదలుపెట్టేవారు. అది చదివాక టీచర్ గారిని కలవండి. మీ వాడి పని ముందే అయిపోతే, ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకం క్లాసులో చదువుకోనిస్తారేమో అడగండి. చాలామంది టీచర్లు సరేనంటారు.

ప్రశ్న: మా మనవరాలు బాగా చురుకు. ఐక్యూ టెస్ట్ చేయించి, ఆ స్కోర్‌ని బట్టి పుస్తకాలు కొందామంటున్నాడు మా అబ్బాయి. మీరేమంటారు?
– ఒక తాతగారు, నిజామాబాద్

జవాబు: పుస్తకాల కోసమైతే వద్దండీ. చదవడంలో, రాయడంలో పాపకి ఏదైనా ఇబ్బంది కనిపిస్తే సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి, అప్పుడు పరీక్షలకి అర్థం ఉంటుంది. 1921లో లూయిస్ టెర్మన్ అనే సైకాలజిస్ట్ కాలిఫోర్నియాలో ఐక్యూ చూసి దాదాపు పదిహేను వందల మంది మేధావి పిల్లల్ని ఏరి, జీవితాంతం గమనించాడు. వాళ్ళలో ఎవరికీ నోబెల్ రాలేదు. స్కోర్ చాలదని ఆ ఏరివేతలో మిగిలిపోయిన పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వరెజ్ ఉన్నారు. 1956లో ఒకరికీ 1968లో మరొకరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

టెస్ట్‌కయ్యే డబ్బుతో పాప పేరున గ్రంథాలయంలో కార్డు తీసుకోండి. లోపలికి వెళ్ళాక ఏదీ చేతికివ్వకండి. మొదటిసారి అట్ట మీది బొమ్మ చూసి తీసుకుంటుంది. రెండోసారి, మూడోసారి తనంతట తాను ఏ బీరువా దగ్గరికి నడుస్తోందో చూడండి, ఆ వరసలోవి కొనండి.