ఉద్యోగం మానేసి తిరుపతిలో ఐస్‌క్రీమ్ షాపు పెట్టొచ్చా?

మీరు అడిగింది: బెంగళూరులో పన్నెండేళ్ల కార్పొరేట్ ఉద్యోగం, చేతిలో పదిహేను లక్షలు, సొంతంగా ఐస్‌క్రీమ్ చేసి తిరుపతిలో అమ్మాలని ఉంది, ఈ నెలే రాజీనామా ఇచ్చేయాలా అని.

నేను అదే పని చేశాను కాబట్టి చెబుతున్నా. ఎలక్ట్రానిక్ సిటీలో ఫైనాన్స్ టీమ్‌లో పదేళ్లు పనిచేసి మానేసి, 2021 మార్చిలో షాపు తెరిచాను. "ఎంబీఏ చదివించింది పుల్లైసులు అమ్మేదానికా" అని మా నాయన రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మేలో కర్ఫ్యూ వచ్చింది, మధ్యాహ్నం 12 కొడితే షట్టర్ దించేయాలి, పొద్దున్నే ఐస్‌క్రీమ్ ఎవరు తింటారు? సరే, అది అందరికీ వచ్చిన కష్టం.

నవంబరు వరదలప్పుడు జరిగింది మాత్రం నా తప్పే. జనరేటర్ ఎందుకు, కావాలంటే అద్దెకు తెచ్చుకుందాంలే అనుకున్నా. ఆ రోజు ఊళ్లో ఎవరికి ఫోన్ చేసినా దొరకలేదు. కరెంటు వచ్చేసరికి రెండు డీప్ ఫ్రీజర్లలో సరుకంతా పాయసం అయిపోయింది. మళ్లీ గడ్డ కట్టిస్తే పోలా అంటారు చాలామంది. అలా చేస్తే లోపలి గాలి పోయి, ఐసు రవ్వలు పెద్దవై, నాలుకకు ఇసుకలా తగులుతుంది. పైగా ఒకసారి కరిగిపోయిన సరుకు జనానికి పెట్టకూడదు. బకెట్లతో పారబోశాం. ఈ వ్యాపారంలో మీరు అమ్మేది చల్లదనం, ఫ్లేవర్ల సంగతి తర్వాత.

పాల సంగతి. మన చిత్తూరు వైపు పాలకు కొదవ లేదు కదా అని నేనూ లెక్కేసుకున్నా. కానీ ఇక్కడ ఎక్కువగా సంకరజాతి ఆవుల పాలు, వెన్న నాలుగు శాతానికి అటూ ఇటూ. మామూలు ఐస్‌క్రీమ్ అని అమ్మాలంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి, నూనె కొవ్వు కలిపితే ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. అంటే క్రీమ్ కొనాలి, డబ్బు పోయేది అక్కడే. 2025లో తోతాపురి రేటు పడిపోయి రైతులు అల్లాడుతుంటే, "నీకు పండగేలే" అన్నాడు ఒకాయన. నాకు ఒరిగిందేమీ లేదు, మామిడి ఐస్‌క్రీమ్‌లో కూడా బరువైన ఖర్చు పండు కాదు, క్రీమే. పైగా వాసన కోసం నేను వేసేది బేనీషా.

చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఒక తక్కువ శాతం పన్ను కట్టేసి ఊరుకునే జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్ ఐస్‌క్రీమ్ తయారీదారులకు వర్తించదు. పదేళ్లు ఫైనాన్స్‌లో చేసిన నాకు ఇది షాపు తెరిచాక తెలిసింది, నవ్వుకోండి.

కొండకొచ్చే జనాన్ని చూసి లెక్కలు వేయకండి. వాళ్లకు బస్సు టైము, రైలు టైము, చేతిలో లడ్డూ సంచి, ఒళ్లో నిద్రపోతున్న పిల్లోడు. ఆగినా ఇరవై రూపాయల కోన్ అడుగుతారు. నన్ను నిలబెట్టింది సాయంత్రం ఏడు దాటాక స్కూటర్ మీద వచ్చే లోకల్ కుటుంబాలు, యూనివర్సిటీ పిల్లలు. ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే, "గుడ్డు వేస్తారా?" వేయను, బోర్డు మీద కూడా రాయించా.

మార్చి నుంచి జూన్ దాకా సంపాదించిందే ఏడాదంతా తినాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, అయినా అద్దె ఆగదు, కుర్రాళ్ల జీతాలు ఆగవు, ఫ్రీజర్లు ఆపలేం, కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ ఎలాగూ ఉంటుంది. నాకు ఇంట్లోకి డబ్బు మిగలడం మొదలైంది మూడో ఏడాదిలో, అదీ పాత జీతంలో సగం. అప్పటిదాకా మా ఆవిడ టీచరు జీతమే ఇల్లు నడిపింది. మీ పదిహేను లక్షల్లో ఇంటి ఖర్చుకు పక్కన పెట్టింది ఎంతో రాయలేదు మీరు, అది తేల్చండి ముందు.

రాజీనామా ఈ నెల వద్దు. నవంబరులో పది రోజులు సెలవు పెట్టి రండి, వాన పడే సాయంత్రాలు మా కౌంటర్లో కూర్చోండి. మా నాయన ఉంటాడు, ఇప్పుడు గల్లాపెట్టె ఆయన దగ్గరే.