సైడ్ బై సైడ్ బండికి ట్రైలర్ ఎంపిక: మేనల్లుడికి ఒక లేఖ

టూసన్, అరిజోనా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నాలుగు సీట్ల సైడ్ బై సైడ్ (పక్కపక్క సీట్లతో, రోడ్డు లేనిచోట నడిపే బండి) కొన్నావనీ, దాన్ని కొండదారుల దాకా, ఇసుక తిన్నెల దాకా తీసుకువెళ్ళడానికి ట్రైలర్ వెతుకుతున్నావనీ, మీ చాండ్లర్‌లో ఒక దుకాణంలో పద్నాలుగు అడుగుల ఒంటి ఇరుసు ట్రైలర్ చవకగా వస్తోందనీ రాశావు. చవకైన మాట నిజమే. బండి దాని మీద ఇముడుతుందన్న మాట కూడా నిజమే. అయినా అది నీకు పనికిరాదని నా అభిప్రాయం. ఎందుకు పనికిరాదో, ఏది పనికివస్తుందో కాస్త వివరంగానే రాస్తున్నాను. అడ్వాన్సు ఇచ్చేలోపు తీరికగా చదువు.

ట్రైలర్ కొనేవాళ్ళు చాలామంది ముందుగా పొడవు కొలుస్తారు. నువ్వు ముందుగా చూడవలసింది ట్రైలర్ ముందుభాగంలో, ఎడమవైపున అంటించి ఉండే చీటీని. దాని మీద జీవీడబ్ల్యూఆర్ అని ఒక అంకె ఉంటుంది. ట్రైలర్ సొంత బరువూ, దాని మీద పెట్టే బరువూ కలిపి అంతకు మించకూడదని దాని అర్థం. నువ్వు చెప్పిన రకం ట్రైలర్ల మీద ఆ అంకె దాదాపు ఎప్పుడూ 2,990 పౌండ్లే ఉంటుంది. కింద ఇరుసు మాత్రం 3,500 పౌండ్లు మోయగలది. మరి చీటీలో అంత తక్కువ ఎందుకు వేశారంటే, మన అరిజోనాతో సహా చాలా రాష్ట్రాలలో 3,000 పౌండ్లు, ఆపైన బరువుండే ట్రైలర్లకు బ్రేకులు తప్పనిసరి. పది పౌండ్లు తగ్గించి రాసుకుంటే తయారుచేసేవాడికి బ్రేకుల ఖర్చు మిగులుతుంది. పచ్చగడ్డి కోసే యంత్రాలు మోసుకునేవారికి ఆ ట్రైలర్ చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. అలాంటి ట్రైలర్ ఖాళీగా 1,200 పౌండ్ల దాకా తూగుతుంది. 2,990లోంచి అది తీసేస్తే నీ బండికి మిగిలేది 1,790. నాలుగు సీట్ల స్పోర్ట్ బండ్లు చాలావరకు 1,900 నుంచి 2,300 పౌండ్ల మధ్య ఉంటాయి. అది కూడా కంపెనీవాళ్ళు డ్రై వెయిట్ అని ప్రకటించే అంకె, అంటే పెట్రోలు, ఆయిలు, కూలెంటు ఏవీ పోయని బరువు. పది గ్యాలన్ల పెట్రోలే అరవై పౌండ్లు. దానిమీద నువ్వు వేయించుకున్న పైకప్పు, ముందు అద్దం, స్పేర్ చక్రం, పనిముట్లు, మంచుగడ్డలు నింపిన కూలర్, బురదలో దిగబడితే లాగే తాళ్ళు అన్నీ కలిస్తే రెండు మూడు వందలు సులువుగా పెరుగుతాయి. కొన్న రోజున 2,000 అనుకున్న బండి ప్రయాణానికి సిద్ధమయ్యేసరికి 2,300 అవుతుంది. ఆ చిన్న ట్రైలర్ మీద అది ఐదు వందల పౌండ్ల అధిక భారం, అందులోనూ బ్రేకులు లేకుండా. దుకాణంలో ఎవరూ ఈ తీసివేత చేసి చూపించరు.

కాబట్టి నీకు కావలసింది జోడు ఇరుసుల ట్రైలర్: ఒక్కొక్కటి 3,500 పౌండ్లు మోసే రెండు ఇరుసులు, చీటీలో 7,000, బండి నిలిపే బల్ల పొడవు పదహారు అడుగులు. ఇనుముతో చేసినది ఖాళీగా 2,000 పౌండ్ల వరకు ఉంటుంది, అంటే మోయడానికి ఐదు వేలు మిగులుతాయి. అంత అవసరమా అని నువ్వు అడగవచ్చు. బరువు సగం పరిమితిలో ఉన్నప్పుడు టైర్లూ బేరింగులూ వేడెక్కవు, గుంతలో పడినా ఇరుసు వంగదు, ఒక టైరు పేలినా మిగిలిన మూడింటి మీద నిలదొక్కుకుని పక్కకు ఆపుకునే వీలుంటుంది. మన ఎండల్లో, రోడ్డు నిప్పుల కుంపటిగా ఉండే నెలల్లో, ఈ చివరి మాట ఒక్కటే జోడు ఇరుసులు కొనడానికి చాలిన కారణం.

ఇక లాగే కారు సంగతి. నీ టయోటా హైలాండర్ పెట్రోలుది గనుక 5,000 పౌండ్లు లాగవచ్చు. హైబ్రిడ్ అయితే 3,500 దగ్గరే ఆగిపోయేది. బండి 2,300, ట్రైలర్ 2,000 కలిపితే 4,300. పరిమితిలోనే ఉన్నావు, కానీ అక్కడితో లెక్క తేలలేదు. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీద, మనుషులూ సామానూ కలిపి ఇంత బరువుకు మించరాదని ఇంకొక చీటీ ఉంటుంది. ట్రైలర్ ముందుభాగం కారు మీద మోపే భారం కూడా ఆ చీటీలోని అంకెలోంచే పోతుంది. చీటీలో 1,400 ఉందనుకో. హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం మీద, 480 పడితే, నువ్వూ అమ్మాయీ పిల్లలిద్దరూ మీ అమ్మా కలిసి ఆరేడు వందలు, వెనక సామాను నూటయాభై. ఇంకేమీ పట్టదు. అందుకే నీ విషయంలో అల్యూమినియం ట్రైలర్‌కు పెట్టే అదనపు డబ్బు వృథా కాదంటాను. అదే కొలతకు నాలుగైదు వందల పౌండ్లు తగ్గుతుంది, తుప్పు పట్టదు, అమ్మదలిస్తే ధర నిలుస్తుంది. త్వరలో పెద్ద పికప్ కొనే ఉద్దేశం ఉంటే మాత్రం ఇనుమే తీసుకో, బరువు సంగతి పికప్ చూసుకుంటుంది.

ముందుభాగం బరువు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ట్రైలర్లు ఊగి బోల్తాపడే ప్రమాదాలలో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు హిచ్ మీద పడాలి. మీ తాతగారు ధాన్యం బస్తాలు ఎడ్లబండి మీద సర్దేటప్పుడు ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడ మీద కుంగుతుందనీ, వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి పలుపులు గొంతుకు బిగుస్తాయనీ చూసుకుని సర్దేవారు. ఇక్కడా అదే సూత్రం. వెనక బరువెక్కువైతే ట్రైలర్ కారు వెనకభాగాన్ని పైకెత్తుతుంది, అరవై మైళ్ళ వేగం దాటగానే తోక ఊపడం మొదలుపెడుతుంది. స్పోర్ట్ బండ్లలో చాలావాటికి ఇంజను సీట్ల వెనక ఉంటుంది గనుక, ముందుకు నడిపి ఎక్కించినప్పుడు బరువు వెనక్కే మొగ్గుతుంది. పదమూడు అడుగుల బండిని పద్నాలుగు అడుగుల బల్ల మీద ముందుకీ వెనక్కీ జరపడానికి చోటు ఉండదు. పదహారు అడుగులైతే మూడడుగుల వెసులుబాటు ఉంటుంది. నేను పదహారు అనడానికి అసలు కారణం ఇదే. నీ లెక్కకు 4,300లో పదో వంతు 430. హైలాండర్ హిచ్ పరిమితి 500 దరిదాపుల్లో ఉంటుంది. ఈ రెండింటి మధ్య బరువు పడేలా బండిని నిలిపి, ముందు చక్రాలు ఆగినచోట చెక్క మీద రంగుతో గీత గీసుకో. తరువాత ప్రతిసారీ ఆ గీత దగ్గరే ఆపితే సరి. ఈ తూకానికి ట్రక్ స్టాపుల్లో లారీలు తూచే క్యాట్ కాటా వాడుకో. వాళ్ళు తీసుకునేది కొద్దిపాటి రుసుమే. కారు ఇరుసులూ ట్రైలరూ విడివిడిగా ఎంతెంత తూగాయో కాగితం మీద ఇస్తారు.

బ్రేకుల విషయంలో నేను రాజీపడను. టెక్సాస్‌లో 4,500 పౌండ్ల దాకా బ్రేకులు లేకున్నా చట్టం ఊరుకుంటుందని నీ స్నేహితుడు చెప్పినది నిజమే, కానీ టెక్సాస్ చట్టం మన కొండలను చూసి రాసినది కాదు. ఫ్లాగ్‌స్టాఫ్ ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది, క్యాంప్ వెర్డే మూడు వేల పైచిలుకు. ఐ-17 రహదారి మీద ఆ దిగుడు అంతా నాలుగు వేల పౌండ్లు వెనకనుంచి నెడుతుండగా కారు బ్రేకులతో మాత్రమే దిగితే అవి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. అదుపు తప్పిన లారీలు ఎక్కి ఆగడానికి అక్కడ ప్రత్యేకమైన దారి వేసి ఉంచారంటే ఆ దిగుడు ఎలాంటిదో ఊహించుకో. చవక జోడు ఇరుసుల ట్రైలర్లలో ఒక్క ఇరుసుకే బ్రేకులు పెట్టి అమ్ముతారు. రెండింటికీ ఉన్నదే అడుగు. కారులోంచి ట్రైలర్ బ్రేకులు వేసే బ్రేక్ కంట్రోలర్ పెట్టించుకోవాలి, ట్రైలర్‌కు కరెంటు అందించే నాలుగు తీగల చదును ప్లగ్గు స్థానంలో ఏడు పిన్నుల గుండ్రటిది వేయించుకోవాలి. కంట్రోలర్ ఏదో ఒక చవకది కొనే బదులు, కారు ఎంత గట్టిగా ఆగుతోందో గ్రహించి దానికి తగినంతే ట్రైలర్ బ్రేకులు వేసే రకం తీసుకో. ట్రైలర్ ఊగితే కారు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, కంట్రోలర్ మీది చేతిమీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే మెల్లగా వేయాలి. ట్రైలర్ హిచ్ నుంచి ఊడిపోతే దానంతట అదే బ్రేకులు పట్టుకునే చిన్న బ్యాటరీ పనిచేస్తోందో లేదో కొనేటప్పుడే పిన్ను లాగి పరీక్షించు.

వెడల్పులో రెండు కొలతలు ఎక్కువగా దొరుకుతాయి: మడ్‌గార్డుల మధ్య 77 అంగుళాలు, 83 అంగుళాలు. రోడ్డు మీద మొత్తం వెడల్పు 102 అంగుళాలకు మించకూడదు గనుక, చక్రాలకూ మడ్‌గార్డులకూ పోగా బల్లకు మిగిలేది 83. నీ బండి 64 అంగుళాలదైతే 77 చాలు. 72 అంగుళాలదైతే ఆ బల్ల మీద ఒక్కోవైపు రెండున్నర అంగుళాలే మిగులుతాయి. చీకటిపడ్డాక, అలసిపోయి, దుమ్ముకొట్టుకున్న కళ్ళతో ఎక్కించేటప్పుడు అది చాలదు. నువ్వు 83 తీసుకో. రేపు ఇంకా వెడల్పాటి బండి మీద మనసుపడితే అదీ పడుతుంది.

అడుగున చెక్క పలకలు ఉన్నదే మంచిది. ఇనుప జల్లెడ అడుగు ఉన్నవి నాలుగు చక్రాల కింద కుంగిపోతాయి. వెనక ర్యాంపు తలుపు నిటారుగా నిలబడి ఉండే రకమైతే గాలికి తెరచాపలా అడ్డుపడి పెట్రోలు తాగుతుంది, వెనక కెమెరా ఉన్నా ఏమీ కనిపించదు. మధ్యకు మడిచి పడుకోబెట్టే తలుపు గానీ, బల్ల కిందికి జరిపి దాచుకునే విడి ర్యాంపులు గానీ మేలు. ఏ రకమైనా అది మోయగల బరువు ఎంతో అడుగు, కీళ్ళ దగ్గర వెల్డింగు చూడు. తాళ్ళు కట్టే కొక్కేలు చెక్కకు కాక ఇనుప చట్రానికే వెల్డింగు చేసి ఉండాలి. చక్రానికొకటి చొప్పున నాలుగు రాచెట్ పట్టీలు, టైరు మీదుగా బిగించేవి వాడితే బండి సస్పెన్షన్ ఆడినా పట్టు సడలదు. పట్టీ మీద రెండు అంకెలు ఉంటాయి. పెద్దది తెగిపోయే బరువు, చిన్నది వాడదగిన బరువు. చిన్నదే లెక్కలోకి తీసుకో.

మూసి ఉన్న పెట్టె ట్రైలర్ కొందామా అని చివర్లో అడిగావు. దొంగల భయం ఉండదు, దుమ్ము పడదు, రాత్రి అందులోనే నిద్రపోవచ్చు, అన్నీ నిజమే. కానీ ఏడడుగుల వెడల్పు పెట్టెలో 72 అంగుళాల బండిని నిలిపాక దాని తలుపు తెరుచుకోదు, కిటికీలోంచి పాకి రావలసిందే. ఎనిమిదిన్నర అడుగులదైతే చక్రాల గూళ్ళు లోపలికి పొడుచుకొస్తాయి. లోపలి కొలతకూ వెనక తలుపు సందుకూ తేడా ఉంటుంది గనుక ఎత్తు, వెడల్పు రెండూ సందు దగ్గరే కొలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది ఖాళీగానే 2,500 దాటుతుంది, ఎదురుగాలి వేరే. హైలాండర్‌కు ఆ పని పెట్టవద్దు.

టైర్ల మీద ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని ఉండాలి, కారు టైర్లు వేసి అమ్మితే వద్దను. టైరు పక్కభాగాన ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం. మన ఎండకు గీతలు పైకి కొత్తగా ఉన్నా రబ్బరు లోపల చచ్చిపోతుంది, ఐదేళ్ళు దాటినవి మార్చేయాలి. స్పేర్ చక్రం ధరలో కలిపి ఇమ్మని బేరమాడు. కొత్త ట్రైలర్‌కు మొదటి యాభై మైళ్ళలో చక్రాల నట్లు ఒకటి రెండుసార్లు టార్క్ రెంచితో బిగించాలి. బేరింగులకు ఏడాదికొకసారి గ్రీజు. ఇసుక తిన్నెలకు గ్లామిస్ వెళ్ళేటప్పుడు యూమా దగ్గర కొలరాడో నది దాటి కాలిఫోర్నియాలో అడుగుపెట్టగానే ట్రైలర్ లాగే వాహనాలకు గరిష్ఠ వేగం 55 మైళ్ళని గుర్తుంచుకో. పక్కన కార్లు 70 మీద పోతుంటే మరిచిపోవడం సులువు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తప్పు లేదు, కానీ యాజమాన్యం చూపే టైటిల్ కాగితం లేనిది ఎంత చవకైనా ముట్టవద్దు, దొంగ ట్రైలర్లు చాలా తిరుగుతుంటాయి. చట్రం మీద చెక్కిన నంబరూ కాగితం మీది నంబరూ ఒకటేనా చూడు. అన్నట్టు, మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు డ్రైవ్‌వేలో ట్రైలర్ నిలపనిస్తారో లేదో ముందే కనుక్కో. చాండ్లర్, గిల్బర్ట్ వైపు చాలాచోట్ల ఒప్పుకోరు, నెలనెలా స్టోరేజీ యార్డు అద్దె నీ లెక్కలో లేని ఖర్చవుతుంది. పక్క గేటు వెడల్పు కూడా కొలిచి చూడు. అది ఎనిమిదిన్నర అడుగుల కన్నా తక్కువైతే 83 అంగుళాల ట్రైలర్ పెరట్లోకి పోదు.

ఈ శనివారం దుకాణానికి వెళ్ళినప్పుడు ట్రైలర్ చీటీనీ, ఇరుసుల మీది బ్రేకు తీగలనీ, టైర్ల మీది అంకెలనీ, నీ కారు తలుపు స్తంభం మీది చీటీనీ ఫోటోలు తీసి పంపు. చూసి చెప్పాకే అడ్వాన్సు ఇద్దువుగాని. ఖాళీగా ఉంటే నేనే ఆదివారం వచ్చి నీ హైలాండర్‌కు కంట్రోలర్ తీగలు కలిపి పెడతాను. పనిముట్లు నా దగ్గర ఉన్నాయి.

అమ్మాయికీ పిల్లలకూ ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య