రాజీనామా అడుగుతున్నారా? సంతకానికి ముందు లెక్క తేల్చుకోండి

ప్రశ్న: మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 7 ఏళ్ల 4 నెలలుగా టెస్ట్ లీడ్‌గా పనిచేస్తున్నాను. నెలకు గ్రాస్ 1,20,000 రూపాయలు, అందులో బేసిక్ 48,000. ప్రాజెక్టు మూతపడిందని గురువారం హెచ్‌ఆర్ వాళ్లు పిలిచారు. సోమవారంలోగా రాజీనామా మెయిల్ పెడితే బకాయిలు కాకుండా రెండు నెలల బేసిక్ ప్యాకేజీగా ఇస్తామన్నారు. పెట్టకపోతే టెర్మినేట్ చేస్తామని, రేపు వేరే కంపెనీవాళ్లు వెరిఫికేషన్‌కు వస్తే ఇబ్బంది పడతావని కూడా అన్నారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పీరియడ్ 3 నెలలని ఉంది. ఇంకా ఎక్కువ అడగొచ్చా? అడిగితే ఇచ్చేది కూడా పోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అడగొచ్చమ్మా. కాకపోతే ముందు సోమవారం ఆ మెయిల్ మాత్రం పెట్టకండి. వాళ్లకు కావలసింది మీ రాజీనామా. రెండు నెలల బేసిక్, అంటే 96,000 రూపాయలు, దానికి వాళ్లు కట్టిన ధర. ఆ ధర సరిపోతుందో లేదో చూడాలంటే రాజీనామా ఇస్తే మీరేం వదులుకుంటున్నారో తెలియాలి.

ముందుగా, ఏ కాగితం మీద సంతకం పెట్టినా పెట్టకపోయినా మీకు రావాల్సినవి పక్కన పెట్టండి. పనిచేసిన రోజుల జీతం, కంపెనీ నిబంధనల ప్రకారం మిగిలిన సెలవుల డబ్బు, పీఎఫ్, గ్రాట్యుటీ. వీటిని కూడా ప్యాకేజీలో కలిపి పెద్ద అంకె చూపించే కంపెనీలు ఉన్నాయి. మీ లెటర్‌లో అలా కలిపారేమో వరుసవారీగా చూసుకోండి.

గ్రాట్యుటీ లెక్కలో ఒక మార్పు వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అలవెన్సులు మొత్తం వేతనంలో సగం దాటితే, దాటినంత మేరకు వేతనంగానే లెక్కవేయాలి. కాబట్టి మీ లెక్క 48,000 మీద కాదు, గ్రాస్‌లో సగం, అంటే సుమారు 60,000 మీద. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తే ఏడేళ్లకు 2,42,000 పైచిలుకు వస్తుంది. పాత బేసిక్ మీద వేస్తే 1,94,000 లోపే. హెచ్‌ఆర్ పంపే షీటులో ఏ అంకె వాడారో తప్పకుండా అడగండి.

ఇక రాజీనామాతో పోయేది రిట్రెంచ్‌మెంట్ పరిహారం. కంపెనీయే తీసేస్తే, ఏడాది సర్వీసు నిండిన వర్కర్‌కు నెల నోటీసు గానీ ఆ నెల వేతనం గానీ ఇవ్వాలి. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారమూ ఇవ్వాలి. నెలకు 60,000 లెక్కన మీకు ఏడేళ్లకు సుమారు 2,10,000. ఇది కాక, తీసేసిన వర్కర్లు కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఉద్దేశించిన రీస్కిల్లింగ్ ఫండ్ కింద మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. మీ అంతట మీరే మానేశారని కాగితం మీద ఉంటే ఇవేవీ రావు. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత నిరూపించే భారమంతా మీ నెత్తిన పడుతుంది.

‘మీరు లీడ్, మీకు ఇది వర్తించదు’ అని వాళ్లు అంటారు. హోదా పేరును బట్టి అది తేలదు, రోజూ చేసే పనిని బట్టి తేలుతుంది. ఎక్కువ సమయం మీరే టెస్ట్ కేసులు రాసి, టూల్స్ నడుపుతుంటే అది సాంకేతిక పని. అప్పుడు జీతం ఎంతైనా మీరు వర్కరే. ఇతరుల సెలవులు మంజూరు చేయడం, అప్రైజల్ రాయడమే మీ ప్రధాన పని అయితే మాత్రం ఆ వాదన బలహీనపడుతుంది. మీరు ఏ కోవలోకి వస్తారో నిజాయితీగా చూసుకోండి. రెండో కోవలోకి వచ్చినా చేతిలో అపాయింట్‌మెంట్ లెటర్ ఉంది. 3 నెలల నోటీసంటే గ్రాస్ మీద 3,60,000. నోటీసు బదులు బేసిక్ మాత్రమే ఇస్తామని అందులో రాసుకున్నారేమో ఒకసారి చదవండి.

అంటే నోటీసు, పరిహారం కలిపితేనే 5,70,000. వాళ్లు చూపిస్తున్నది 96,000.

బేరం ఎక్కడ మొదలుపెట్టాలంటే, నోటీసు కాక ఏడాదికి నెల గ్రాస్ చొప్పున అడగండి. 5,70,000కు దిగువన ఒప్పుకోకండి. నగదు దగ్గర హెచ్‌ఆర్ చేతులు కట్టేసి ఉండొచ్చు కానీ ఆఖరి పనిదినం దగ్గర సాధారణంగా పట్టు సడలిస్తారు. మీ విషయంలో అదే కీలకం. నోటీసు డబ్బు చేతికి తీసుకుని ఈ వారమే బయటికి వస్తే సర్వీసు 7 ఏళ్ల 4 నెలలు, లెక్కలో ఏడేళ్లే. ఆ 3 నెలలూ రోల్స్‌లోనే ఉంచమంటే 7 ఏళ్ల 7 నెలలవుతుంది. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి గ్రాట్యుటీ దాదాపు 34,600, పరిహారం 30,000 పెరుగుతాయి. గ్రూప్ ఇన్సూరెన్స్ కొనసాగుతుంది, ఇంటర్వ్యూల్లో ‘ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను’ అని నిజమే చెప్పొచ్చు.

టెర్మినేషన్ బెదిరింపుకు అంత విలువ ఇవ్వకండి. ప్రాజెక్టు మూతపడి తీసేయడం మీ నడవడికకు మచ్చ కాదు. రిలీవింగ్ లెటర్‌లో కారణం ‘ప్రాజెక్టు ముగింపు’ అని ఉండాలనీ, వెరిఫికేషన్‌కు అదే జవాబు చెప్పాలనీ ఒప్పందంలో రాయించండి. మానేశాక ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు పెడితే కొట్టేయమనండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు, కానీ ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని భయపెట్టడానికి పనికొస్తుంది.

పన్ను సంగతి చాలామంది చెక్కు చేతికొచ్చాకే చూసుకుంటారు. చట్టప్రకారం వర్కర్‌కు ఇచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి 5 లక్షల దాకా పరిమితికి లోబడి మినహాయింపు ఉంది. అదే డబ్బును రాజీనామా మీద ఎక్స్‌గ్రేషియా, అంటే కంపెనీ తన ఇష్టంతో ఇచ్చే మొత్తం అని ఇస్తే జీతంలాగే టీడీఎస్ పట్టుకుంటారు. కాబట్టి కాగితం మీద ఏ పేరుతో ఇస్తున్నారన్నది కూడా బేరంలో భాగమే.

సోమవారం మీరు పంపాల్సిన మెయిల్ ఇలా ఉంటే చాలు: ‘గురువారం మీటింగ్‌లో నన్ను రాజీనామా చేయమన్నారు. నేను స్వచ్ఛందంగా మానేయాలనుకోవడం లేదు. ప్రాజెక్టు మూతపడినందువల్ల కంపెనీ నన్ను తొలగించదలిస్తే, నాకు రావాల్సిన మొత్తాల లెక్క రాతపూర్వకంగా పంపగలరు.’ మర్యాదగా, క్లుప్తంగా. దానికి ఫోన్‌లో జవాబు వస్తే, ఫోన్‌లో ఏమన్నారో మళ్లీ మెయిల్‌లో రాసి పంపండి. లాప్‌టాప్ యాక్సెస్ తీసేయకముందే పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, అప్రైజల్ లెటర్లు దించుకోండి. క్లయింట్ ఫైళ్ల జోలికి మాత్రం పోకండి. అది వాళ్ల చేతికి మీరే ఇచ్చే కారణమవుతుంది.

అయినా తీసేస్తే, తెలంగాణ షాపులు, సంస్థల చట్టం 48వ సెక్షన్ కింద కార్మిక శాఖ అధికారి ముందు అప్పీలు చేసుకోవచ్చు. ఆరు నెలలు సర్వీసు చేసిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదని ఆ చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. వర్కర్ కోవలోకి వస్తే కన్సిలియేషన్, అంటే అధికారి మధ్యవర్తిత్వంతో రాజీ దారి కూడా ఉంది. చివరి జీతం రెండు పనిదినాల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్‌కు, అంటే బకాయిల ఆఖరి లెక్క తేల్చడానికి 45 రోజులు పడుతుందని వాళ్లంటే, అది కంపెనీ అలవాటే గానీ చట్టం కాదని చెప్పండి. ఒప్పందం ముసాయిదా వచ్చాక, సంతకానికి ముందు, దగ్గర్లోని లేబర్ లాయరుకు ఒకసారి చూపించుకోండి.