బల్ల దగ్గరికి అంత తొందరేమిటి అల్లుడా

అల్లుడా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ ఊళ్లో ఎంబీ (మెన్నొనైట్ బ్రదరన్) చర్చి, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు సంఘం, ఆ పైన క్యాథలిక్కులు, అందరినీ ఈస్టర్ నాటికి ఒకే ప్రభు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం కలిసి పుచ్చుకోవడానికి, తెస్తానంటున్నావు. మంచి ఆలోచనే, నేను అడ్డు చెప్పను. కానీ ఈస్టర్ నాటికి కాదు.

ముందు నువ్వు అడిగేదేమిటో తేల్చుకో. నాలుగు సంఘాలు కలిసి ఒకటైపోవడం ఒక పద్ధతి. ఎవరి సంఘం వాళ్లదిగా ఉంటూనే ఒకరి బాప్తిస్మాన్ని, బల్లను, పాస్టర్‌ను ఇంకొకరు తమవిగా ఒప్పుకోవడం ఇంకో పద్ధతి, పూర్ణ సహవాసం అనేది దీన్నే. సీఎస్ఐ, ఉత్తరాది సీఎన్ఐ (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా), కేరళ మార్తోమా సంఘం 1978లో ఉమ్మడి కౌన్సిల్ పెట్టుకున్నాయి కదా, అయినా బిషప్‌లు, కమిటీలు, ఆస్తులు ఎవరివి వాళ్లవే. నీ మెసేజ్‌లో ఈ రెండూ కలగలిసిపోయాయి. "కలిసిపోదాం" అని నువ్వన్నావనుకో, కమిటీ పెద్దలకు మొదట గుర్తొచ్చేది చర్చి స్థలం కాగితాలే, ఇక నీ మాట ఎవరూ వినరు.

అసలు మన తాతలేమన్నా సిద్ధాంతాలు చదివి సంఘం ఎంచుకున్నారా? మిషన్ల వాళ్లు ఈ తాలూకా మీకు, ఆ తాలూకా మాకు అని పంచుకున్నారు, ఏ దొర బండి ముందు మన ఊరికి వచ్చిందో అదే మన సంఘమైంది. నల్లగొండలో 1890లో పని మొదలుపెట్టిన ఫ్రీజన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లు, అంటే ఎంబీ వాళ్లే, పనిచేసింది మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. ఇక 1937లో బాప్టిస్టు మిషన్ పాలమూరు, గద్వాల పనిని మెన్నొనైట్ బ్రదరన్ మిషన్‌కు అప్పజెప్పింది, అంతే, అక్కడి విశ్వాసులు కూర్చున్న చాప మీదే ఎంబీ వాళ్లయ్యారు. ఇది మీ పెద్దలకు చెప్పు, కానీ నవ్వుతూ చెప్పు, కొందరికి పౌరుషం ఎక్కువ.

సీఎస్ఐ సంగతి కూడా తెలుసుకో. 1919లో తమిళనాడు తరంగంబాడిలో మొదలైన సంఘాల కలయిక మాట 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో కుదిరింది, అంటే 28 ఏండ్లు. మొదటి నుంచీ దానికోసం తిరిగిన మన డోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ రోజు చూడనేలేదు. ముడిపడ్డది ఎక్కడంటే, బిషప్ తలమీద చేతులుంచకుండానే అభిషేకం, అంటే పాస్టర్ పదవి, పొందిన అయ్యగార్లకు మళ్లీ అభిషేకం చేయాలా అని. చివరికి పాతవాళ్లకు మళ్లీ అక్కర్లేదు, ఇకమీదట మాత్రం బిషప్‌లే చేయాలి అన్నారు. మనస్సాక్షికి ఒప్పని అయ్యగారిని ఏ సంఘం మీదా రుద్దబోమని మాట కూడా ఇచ్చారు, అన్నీ సర్దుకోవడానికి 30 ఏండ్లు గడువు పెట్టుకున్నారు. 30 ఏండ్లు అల్లుడా! నువ్వేమో మూడు నెలలంటున్నావు.

మన దగ్గర అసలు పీటముడి బాప్తిస్మమే. ఇది నా తప్పుతో కలిపి చెప్తాను. మన పెద్దోడి భార్య, నీకు అక్క వరస, మెదక్ వైపు సీఎస్ఐ పిల్ల. పెండ్లికి నాలుగు రోజుల ముందు చెరువులో ముంచి బాప్తిస్మం ఇప్పించాం. అట్లయితేనే మన సంఘంలో పెండ్లి అని పట్టుబట్టింది నేనే. వాళ్లమ్మ తువ్వాల పట్టుకొని కట్ట మీద నిలబడింది. పిల్ల నీళ్లు కారే తెల్లచీరతో, కాళ్లకు బురదతో పైకి వస్తుంటే ఆమె నా వైపు తిరిగి, "నెల బిడ్డప్పుడు అయ్యగారు ఇచ్చింది ఉత్తదేనా అన్నా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. రిజిస్టర్‌లో బాప్తిస్మం తేదీ గడిలో ఆనాటి తేదీ రాసి, వాళ్లు తెచ్చిన పాత సర్టిఫికెట్ మడత కూడా విప్పకుండా తిరిగి ఇచ్చేశాను. ఇప్పటికీ ఆమె మా ఇంటికి వస్తే ఆ చేతులవైపు చూడలేను.

బాప్తిస్మం ఒక్కసారే, రెండోసారి ఇచ్చినట్టు కనపడే పని కూడా చేయొద్దని 1982లో పెరూ దేశంలోని లీమాలో అనేక సంఘాల పండితులు రాసిన పత్రంలో ఉంది. కానీ ముంచే సంఘాల వాళ్లు దానికేమంటారో తెలుసు కదా, "పసిబిడ్డ మీద చల్లింది బాప్తిస్మమే కాదు, ఇంక రెండోసారి ఎక్కడిది?" అంటారు. వాళ్లను మూర్ఖులనుకోకు, నేనూ ఆ మాటే అన్నవాణ్ణి. సీఎన్ఐలో 1970లో బాప్టిస్టులు, బ్రదరన్ వాళ్లు, ఆంగ్లికన్లు అంతా ఒక సంఘమయ్యారు. పిల్లలకు ఇప్పించే తల్లిదండ్రులు ఇప్పిస్తారు, పెద్దయ్యాక అనుకునేవాళ్లు ఆగుతారు, రెండూ చెల్లుతాయి. మీ పాస్టర్ల ముందు ఇదొక్కటే పెట్టి, ఆరు నెలలు మాట్లాడుకోనివ్వు.

క్యాథలిక్కుల విషయంలో జాగ్రత్త. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతో ఇచ్చింది ఏ సంఘంలోదైనా సాధారణంగా వాళ్లు మళ్లీ ఇవ్వరు. ఈ ఒక్క విషయంలో మనకంటే ఉదారులు. దివ్యసత్ప్రసాదం, అంటే వాళ్ల బల్ల, మాత్రం మామూలుగా వాళ్లవాళ్లకే. ఫాదర్‌గారిని మొహమాటపెట్టి బల్ల దగ్గరికి లాగకు, ఆయన వేరేవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. నువ్వూ చిన్నబుచ్చుకోకు.

మరి ఏం చేయాలంటావా? గుడ్ ఫ్రైడే నాడు చెప్పుకునే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు నాలుగు సంఘాల వాళ్లకు పంచు, ఫాదర్‌గారికి కూడా ఒక మాట ఇవ్వు. ఐక్య క్రిస్మస్‌లాగా స్టేజీ, ఎమ్మెల్యే, కేకు మాత్రం వద్దు, ఫోటోల్లో ముందు ఎవరు నిలబడాలనే దగ్గరే సగం ఐక్యత పోతుంది. పెండ్లికి పిల్ల ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి వెళ్తే బదిలీ ఉత్తరాన్ని ప్రశ్నలు వేయకుండా తీసుకునే ఏర్పాటు చేయించు.

వీటన్నిటికంటే ముందు సమాధుల తోట సంగతి చూడు. పోయినోళ్లు ఏ సంఘమైనా అక్కడే పెట్టొచ్చు, ఏ పాస్టరైనా ప్రార్థన చేయొచ్చు అని నలుగురితో సంతకాలు పెట్టించగలిగితే, బల్ల గురించి అప్పుడు మాట్లాడదాం. ఆ గేటు తాళం చెవి ప్రస్తుతం ఎవరి దగ్గరుందో కనుక్కొని నాకు ఫోన్ చెయ్.

మీ మామ
దేవరకొండ