వానాకాలంలో ఖాళీగా ఉండే జలాశయం

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, నవంబరులో అక్కడి జలాశయం పార్కు చూశాం. అక్కడ అది వానలు మొదలయ్యే కాలమని అల్లుడుగారు చెప్పారు. అయినా నీళ్లు పడవల రేవుకు ఎంతో దూరంలో ఉన్నాయి. కారణమేమిటి? అడుగున ఒక ఊరు మునిగి ఉందన్న మాట నిజమేనా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వానలు మొదలవుతాయి కాబట్టే నీళ్లు తక్కువగా ఉన్నాయి. అమెరికన్ నది మీద 1956లో పూర్తయిన ఫోల్సమ్ ఆనకట్టకు, దిగువన ఉన్న శాక్రమెంటో నగరాన్ని వరదల నుంచి కాపాడటం ఒక ముఖ్యమైన బాధ్యత. అక్కడ వరదల ముప్పు శీతాకాలపు తుపానులతో వస్తుంది గనుక, మన లెక్కలో సుమారు 42 టీఎంసీలు పట్టే ఆ జలాశయంలో కొంత భాగాన్ని ఆ నెలల్లో కావాలనే ఖాళీగా ఉంచుతారు. వేసవి అంతా పొలాలకూ ఊళ్లకూ నీరు వదలడం వల్ల మట్టం అప్పటికే పడిపోయి ఉంటుంది. వసంతంలో సియెరా నెవాడా కొండల మీది మంచు కరిగి, మే, జూన్ నెలలకు జలాశయం నిండుతుంది. సరిగ్గా మన శ్రీశైలం అడుగంటే రోజుల్లో అన్నమాట.

పార్కును చూసుకునేది రాష్ట్ర పార్కుల శాఖ అయినా, ఆనకట్ట మాత్రం కేంద్ర ప్రభుత్వానికి చెందిన బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ చేతిలో ఉంది. నీటిమట్టాన్ని నిర్ణయించేది వరదలు, సాగు, తాగునీటి అవసరాలే గానీ పడవల షికారు కాదు. నిండుగా ఉన్నప్పుడు దాదాపు 75 మైళ్లు సాగే ఆ ఒడ్డు, సందర్శకుల కోసం ఒకచోట నిలిచేది కాదు.

మునిగిన ఊరి మాట నిజమే. 1848లో బంగారం దొరకడంతో వెలసిన ఆ ఊరి పేరు మార్మన్ ఐలాండ్. 1856లో జరిగిన అగ్నిప్రమాదం తరువాత అది కోలుకోలేదు కనుక, జలాశయం ముంచింది నిండు ఊరిని కాదు, దాని శిథిలాలను. అక్కడి సమాధులను ముందే మెరక ప్రాంతానికి తరలించారు. సప్తనది సంగమేశ్వరాలయం శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు ఏటా బయటపడటం మనకు అలవాటే. ఈ ఊరి పునాదులు మాత్రం 2014 నాటి వంటి గట్టి కరవులోనే కనిపిస్తాయి. చూడవచ్చు గానీ, పాత మేకు ఒక్కటి తీసుకున్నా చట్టం ఒప్పుకోదు. నిండు నీళ్లు చూడాలనుకుంటే ఈసారి ప్రయాణం మే నెలాఖరుకు పెట్టుకోండి.