రాజమండ్రి వంతెనలో రైలు కింద, రోడ్డు పైన ఎందుకు?

బస్సులు, లారీలు ఎక్కగలిగిన ఎత్తును రైలు ఎక్కలేదు కాబట్టి, రాజమండ్రి–కొవ్వూరు మధ్య గోదావరి మీది రెండంతస్తుల వంతెనలో పట్టాలు కింద, రోడ్డు పైన వేశారు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. వంద మీటర్ల దూరానికి ఒక్క మీటరు ఎత్తు పెరిగినా బరువైన గూడ్సు బండికి అది గట్టి ఎక్కుడే. రోడ్డు బండ్లు నాలుగు మీటర్లైనా తేలిగ్గా ఎక్కేస్తాయి.

పై అంతస్తు పది మీటర్లు ఎక్కువ ఎత్తులో ఉందనుకోండి. అదనంగా రోడ్డుకు పావు కిలోమీటరు ర్యాంపు చాలు, రైలుకైతే కిలోమీటరు గట్టు కట్టాలి. దానికి ఊరి మధ్యలో స్థలం ఎక్కడిది? 1974లో వాడుకలోకి వచ్చిన ఈ వంతెనలో రైలు భాగం సుమారు 2.8 కిలోమీటర్లు, రోడ్డు భాగం 4.1 కిలోమీటర్లు. ఆ తేడా చాలావరకు ర్యాంపులదే.

రైలు బరువు కాబట్టి పైన పెడితే వంతెన ఆగదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రైలు ఏ అంతస్తులో వెళ్లినా బరువు మోసేది అవే ఉక్కు దూలాలు, అవే స్తంభాలు. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో ఒడ్డులు బాగా ఎత్తు. అక్కడి డోమ్ లూయిస్ వంతెనలో మెట్రో పై అంతస్తులోనే నడుస్తుంది, రోడ్డు కింద ఉంటుంది.