ట్రాక్టరు హుక్కు టక్‌మని కొడుతోంది, లోడు వేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ట్రాక్టరు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆమదాలవలస వైపు మిల్లుకి ధాన్యం, తర్వాత సంకిలి ఫ్యాక్టరీకి చెరకు తోలాలి. బ్రేకు వేసినా, గేరు మార్చినా వెనక హుక్కు దగ్గర టక్‌మని కొడుతోంది. వెల్డింగ్ షాపాయన అరిగిన చోట రెండు పూతలు పోస్తే చాలంటున్నాడు.

పోయించకండి. హుక్కు గట్టి ఉక్కుతో చేసిన భాగం. షాపుల్లో మామూలుగా వాడే 6013 అనే వెల్డింగ్ రాడ్డుతో దాని మీద పోస్తే, వెల్డు పక్కనున్న ఉక్కు గబుక్కున కాగి గబుక్కున చల్లారి పెళుసెక్కిపోతుంది. తర్వాత పగులు వచ్చేది ఆ పక్కనే. పైకి వెల్డు కొత్తగా మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అరిగిన హుక్కుకి మందు కొత్త హుక్కే.

అయితే చప్పుడు హుక్కుదేనని ఇప్పుడే తేల్చేయకండి. తొట్టె (ట్రాలీ) విప్పేసి, చదును నేల మీద చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, హుక్కు బ్రాకెట్టు కింద గునపం దూర్చి పైకి ఎత్తి చూడండి. బ్రాకెట్టు మొత్తం కదిలితే తప్పు బోల్టులది. బోల్టు తలల చుట్టూ తుప్పురంగు సన్నటి పొడి రాలి ఉందేమో కూడా చూడండి. అది వాన తుప్పు కాదు. వదులైన రెండు ఇనుములు ఒకదాన్నొకటి రాసుకుంటే వచ్చే పొడి. వేలితో తుడిచేశాక రెండు ట్రిప్పులకే మళ్లీ కనబడితే బోల్టు పట్టు వదిలిందన్నమాట.

బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 గానీ 10.9 గానీ అంకె ఉండాలి. అంకె లేనిది అక్కడ పనికిరాదు. 24 పానా పట్టే బోల్టు సాధారణంగా ఎం16, అంటే 16 మి.మీ. లావుది, అవుతుంది. 8.8 రకమైతే దాన్ని సుమారు 200 న్యూటన్ మీటర్లకి బిగించాలి, అంటే మీటరు పొడవు పైపు చివర 20 కిలోల బలం. మీ మోడల్ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఒక్క బోల్టు తెగినా సెట్టు మొత్తం మార్చాలి, ఎందుకంటే దాని భారం అప్పటిదాకా మిగతావి మోశాయి. బోల్టు బెజ్జం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే ఎంత బిగించినా నిలవదు, బ్రాకెట్టే మార్చాలి. మొదటి లోడు ట్రిప్పు అయ్యాక మళ్లీ పానా వేయండి.

పగుళ్లు చూడ్డానికి మిషన్లేం అక్కర్లేదు. డీజిల్, వైరు బ్రష్షుతో గ్రీజూ మట్టీ పోయేలా కడిగి, హుక్కు మెడ మీదా, తొట్టె నోగ (ట్రాక్టరుకి తగిలించే ముందు దూలం) చివర రింగు అతికిన వెల్డు చుట్టూ కిరసనాయిలు రాయండి. 20 నిమిషాలాగి పొడిగుడ్డతో బాగా తుడిచేసి, సుద్దముక్క అడ్డంగా పెట్టి దట్టంగా పులమండి. పగులు ఉంటే లోపల దాగిన నూనె సుద్దలోకి ఊరి, వెంట్రుకంత తడి గీత పైకి తేలుతుంది. హుక్కు మీద గానీ రింగు మీద గానీ గీత కనబడితే ఆ భాగం తీసేయాల్సిందే. నోగ వెల్డులో కనబడితే పాత వెల్డు పూర్తిగా గ్రైండు చేయించి, 7018 రాడ్డుతో (పగుళ్లు తక్కువ వచ్చే రకం), అది తెలిసినవాడి చేత పోయించండి. పగులు మీదనే పూత వేయనివ్వొద్దు.

ఇక అరుగుదల. వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) హుక్కులో రింగుని పట్టి ఉంచే పిన్నుని రెండు చోట్ల కొలవండి: తల దగ్గర అరగని భాగం, రింగు రాసుకునే నడుము. 30 మి.మీ. పిన్ను నడుము దగ్గర 27కి దిగితే, తెగకుండా ఓర్చే బలంలో దాదాపు ఐదో వంతు పోయినట్టే. నా లెక్కలో అక్కడితో దాని పని అయిపోయింది. రింగు మందం కూడా అలాగే చూడాలి, చాలామంది పిన్ను మార్చి రింగుని వదిలేస్తారు. రెండింటి మధ్య సందు పెరిగేకొద్దీ బ్రేకు వేసిన ప్రతిసారీ లోడంతా సుత్తిలా వచ్చి కొడుతుంది. ఆ దెబ్బకే బోల్టులు వదులవుతాయి, వెల్డు పగులుతుంది.

స్లాబు చువ్వ ముక్క పిన్నుగా వేస్తున్నారు మన వైపు, దయచేసి ఆ పని చేయొద్దు. అది వంగుతుంది, దాని గాట్లు బెజ్జాన్ని తినేస్తాయి. పిన్ను కింద లాకు క్లిప్పు ఉండాలి, కట్టుడు తీగ కాదు.

లోడు సర్దడం కూడా హుక్కు లెక్కలోకే వస్తుంది. 80 కిలోల బస్తాలు 60 వేస్తే 4,800 కిలోలు, తొట్టె బరువు దానికి అదనం. మీది రెండు చక్రాల తొట్టె అయితే బస్తాలన్నీ ముందుకి వేసినప్పుడు ఆ బరువు హుక్కు మీద కూర్చుంటుంది, ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. అన్నీ వెనక్కి వేస్తే నోగ పైకి లేచి పిన్నుని ఎత్తుతుంది, గతుకుల్లో ఊడేది అప్పుడే. ఇరుసు మీద పేర్చుకుంటూ వచ్చి, ముందు వైపు కాస్త మాత్రమే బరువుండేలా చూసుకోండి. చెరకు వెనక్కి ఎక్కువ వేలాడితే కూడా ఇదే ఇబ్బంది.

ట్రాక్టరు వెనక పైన, నాగలి లాంటివి తగిలించే టాప్ లింకుకి మాత్రం తొట్టె కట్టొద్దు. లాగే చోటు వెనక ఇరుసు కంటే ఎత్తులో ఉంటే, చిన్న గట్టు ఎక్కేటప్పుడు కూడా ట్రాక్టరు ముందు లేచి డ్రైవరు మీదికే తిరగబడుతుంది.

గొలుసు కూడా వేయండి, రెండు వరసలు నోగ కింద అడ్డదిడ్డంగా దాటేలా. పిన్ను ఊడినా నోగ ముక్కు రోడ్డులో దిగబడకుండా గొలుసు మీద ఆగుతుంది. మలుపుకి సరిపడా మాత్రమే వదులుంచండి. నౌపడ వైపు ఉప్పు కిరాయికి వెళ్తే రాగానే హుక్కు, గొలుసు మంచినీళ్లతో కడిగి గ్రీజు పెట్టండి.

అన్నీ అయ్యాక లోడుతో, ఇంటి దగ్గరే లో గేరులో నెమ్మదిగా పది అడుగులు లాగించి ఆపించండి. మీరు పక్కన దూరంగా నిలబడి హుక్కుని చూడండి, ట్రాక్టరుకీ తొట్టెకీ మధ్యలోకి ఎవరూ వెళ్లకూడదు. పిన్ను దగ్గర చిన్న చప్పుడు ఉంటుంది, అది మామూలే. బ్రాకెట్టు కదిలితే మాత్రం లోడు దించేయండి. బోల్టుల అంకె, పిన్ను కొలతలు ఇక్కడ రాస్తే ఏం మార్చాలో చెప్తాను.